కోలారు చుట్టూ నాలుగు రోజులు: చేతిపని ఎక్కడుంది, దాని ధర ఎందుకంత

సంక్రాంతి సెలవులు వస్తే మనవాళ్ళు ఊటీ అనో మైసూరు అనో దూరాలకు బయలుదేరతారు. మేము ఈసారి ఇంటి చుట్టుపక్కలే తిరిగాం. కుట్లు, అల్లికలు, బుట్టల పని మీద మోజున్న ఆరుగురం కలిసి నాలుగు రోజుల్లో కోలారు జిల్లా ఒక చుట్టు చుట్టి వచ్చాం. మాలో కొందరి తాతలు చిత్తూరు వైపు నుంచి గని పనికి వచ్చినవాళ్ళు. మిగతావాళ్ళ ఇళ్ళు అంతకు ఎన్నో తరాల ముందు నుంచే ఇక్కడ సేద్యం మీద ఉన్నవి. జిల్లా ఎవరికీ కొత్త కాదు. అయినా ఇక్కడ చేత్తో ఏమేం తయారవుతాయో చెప్పమంటే సగంమంది ముళబాగిలు దోస దగ్గరే ఆగిపోయారు!

అందుకే ఇది రాస్తున్నాం. ఎక్కడ ఏముంది, ఎలా చేస్తారు, చేతిపనికీ మిషన్ సరుకుకీ తేడా ఎలా పట్టుకోవాలి, బేరం ఎక్కడ ఆడొచ్చు, ఎక్కడ ఆడకూడదు అన్నవి మేము చూసినంతలో చెబుతాం. ఒక మాట ముందుగా. 2007లో చిక్కబళ్ళాపుర జిల్లా విడిపోయాక చింతామణి, శిడ్లఘట్ట, కైవారం అటు పోయాయి. మా పెద్దవాళ్ళకు మాత్రం అవి ఇప్పటికీ కోలారే. గాజులు అమ్ముకుంటూ ఊళ్ళు తిరిగి, తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు రాసిన కైవారం తాతయ్యను వేరే జిల్లా మనిషి అంటే ఇంట్లో ఒప్పుకోరు. కానీ ఈసారి మేము ఇప్పటి కోలారు హద్దు దాటలేదు, చివర్లో ఒక్కసారి తప్ప.

శివారపట్నంలో ఉలి చప్పుడు

మాలూరు అంటే పెంకులు, ఇటుకలు అని అందరికీ తెలుసు. ఆ తాలూకాలోనే ఉన్న శివారపట్నం పేరు మాత్రం విగ్రహాలు చేయించే గుడి ధర్మకర్తలకు తెలిసినంతగా మామూలు ఇళ్ళకు తెలియదు. తరాలుగా శిల్పుల ఊరది. రాతి పని, లోహపు పోత పని రెండూ ఉన్నాయి. ఇంటి ముందే షెడ్డు, షెడ్డు ముందు సగం చెక్కిన నందులు, నాగప్రతిమలు. ఎవరైనా వెళ్ళి నిలబడి చూడవచ్చు.

పని రాతిని ఎంచుకోవడంతో మొదలవుతుంది. శిల్పి సుత్తితో తట్టి వింటాడు. గంటలా మోగితే రాయి లోపల బాగుందని అర్థం, బొంగురుగా పలికితే ఎక్కడో పగులుంది. తర్వాత కొలతలు. ముఖం పొడుగును ఒక తాళం అనుకుంటే దేవతా విగ్రహం సాధారణంగా నవతాళం, అంటే తొమ్మిది ముఖాల ఎత్తు. ఆ లెక్కన గీతలు గీసుకుని ముందు మోటుగా, ఆపైన సన్న ఉలులతో చెక్కుతూ వస్తారు. పూజకు పెట్టే విగ్రహమైతే కళ్ళు తెరవడం ఆఖరి పని, దానికి ముహూర్తం కూడా ఉంటుంది. అందుకే కొనేటప్పుడు పూజకా, షోకేసుకా అన్నది ముందే చెప్పాలి.

ఇప్పుడు మోటు పనికి కరెంటు కోత మిషన్లు వాడని షెడ్డు లేదు. దాన్ని మేము తప్పు పట్టం. నెల పని వారంలో అవుతుందంటే ఎవరు కాదంటారు? చూడవలసింది చివరి పని. విగ్రహాన్ని వెనక్కి తిప్పండి. చెవుల వెనక, వేళ్ళ సందుల్లో, జడ కింద చూడండి. మిషన్ ఆపి చేయి పెట్టిన చోట గీతలు పొట్టిగా, ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. మిషన్‌తోనే వదిలేసిన చోట ఒకే వంపులో పొడుగు గీతలు కనిపిస్తాయి. రాతిపొడిని రెసిన్‌తో కలిపి అచ్చులో పోసిన బొమ్మలు రాతి బొమ్మల పేరుతో పట్నాల్లో చాలా తిరుగుతున్నాయి. వాటి పక్కన సన్నగా అతుకు గీత ఉంటుంది, చేతికి రాయిలా చల్లగా తగలవు, సైజుకు తగ్గ బరువుండదు.

ఇక దుమ్ము సంగతి. దీని గురించి ఎవరూ రాయరు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తాం. రాయి కోసేటప్పుడు లేచే సన్న దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లో చేరి గట్టిపడితే సిలికోసిస్. ఒకసారి వచ్చాక నయం చేసే మందు లేదు. మన గని కుటుంబాలకు ఈ జబ్బు కొత్త కాదు. మైసూరు సంస్థానం 1940లోనే దీని మీద ప్రత్యేక నియమాలు తెచ్చింది. 1940 నుంచి 1946 వరకు కోలారు గనుల్లో 7,653 మందిని పరీక్షిస్తే 43.7 శాతం మందిలో ఈ జబ్బు బయటపడింది. వంద మందిలో నలభై ముగ్గురు! తాత దగ్గుతూ గోడకు ఆనుకుని కూర్చునేవాడని చెప్పుకునే ఇళ్ళు మనలో ఎన్ని లేవు?

గనిలో తడి డ్రిల్లింగ్ తెచ్చారు, నీళ్ళు కొట్టి దుమ్మును అణచడం నేర్చుకున్నారు. అదే కిటుకు చెక్కే షెడ్డులోనూ పనిచేస్తుంది. రాతి మీద సన్నగా నీళ్ళు పడుతుండగా కోస్తే దుమ్ము బురదై కిందికి పోతుంది. కానీ దానికి నీళ్ళు కావాలి, పని నెమ్మదిస్తుంది, గీసిన గీత చెరిగిపోతుంది. అందుకే ఎక్కువమంది ముక్కుకు తువ్వాలు చుట్టుకుని పొడిగానే కోసేస్తారు. తువ్వాలు గుడ్డ ఆ సన్న దుమ్మును ఆపలేదు. మేము ఒక షెడ్డులో చిన్న రాతి దీపాలు ఆరు చెప్పాం. "తడిపి కొయ్యన్నా, వారం లేటైనా పర్వాలేదు" అంటే ఆయన నవ్వి, "అట్ల అడిగేవాళ్ళు మీరే అక్కా, అందరూ రేపటికి కావాలంటారు" అన్నాడు. తొందరపెట్టకపోవడం కూడా ఒక రకంగా ధర చెల్లించడమే అని మాకు అక్కడ అనిపించింది.

బంగారుపేట మీదుగా గనులకు

మాలూరు నుంచి రైలు దారిలోనే బంగారుపేట. పాత పేరు బౌరింగ్‌పేట. ఇక్కడి చాట్ రుచి చూడకుండా వెళ్ళకండి. పానీపూరి నీళ్ళు పచ్చగానో ఎర్రగానో ఉండవు, మంచినీళ్ళలా తేటగా ఉంటాయి. తాగాక తెలుస్తుంది కారం. ఏం కలుపుతారో ఎంత అడిగినా బండివాళ్ళు చెప్పరు. ఇప్పుడు బెంగళూరులో వీధికొక "బంగారుపేట చాట్" బోర్డు వెలిసింది గానీ, మాకు ఇక్కడిదే నచ్చింది.

బంగారుపేట నుంచి మారికుప్పం దాకా ఉన్న చిన్న రైలు దారి గనుల కోసం వేసింది. గనుల చరిత్ర మన పాఠకులకు కంఠతా వచ్చు. 1880లో జాన్ టేలర్ కంపెనీ రావడం, 1902లో శివనసముద్రం నుంచి కరెంటు, మూడు కిలోమీటర్లు దాటిన లోతు, చివరికి 2001 ఫిబ్రవరి 28న మూత. వాటిని మళ్ళీ చెప్పం. చెప్పవలసింది ఆ తర్వాతి మాట. గని మూతపడ్డాక ఊరు ఖాళీ కాలేదు. ఇప్పటికీ తెల్లవారుజామున మారికుప్పం నుంచి బయలుదేరే రైళ్ళు బెంగళూరు పనులకు పోయేవాళ్ళతో నిండిపోతాయి. పగలు లైన్లలో మిగిలేది ముసలివాళ్ళు, పసిపిల్లలు, ఇంట్లోనే కుట్టుపని చేసుకునే ఆడవాళ్ళు.

అలాంటి ఒక లైనులో గడప దగ్గర కూర్చుని బొంత కుడుతున్న అవ్వ కనిపించింది. పాత చీరలు నాలుగైదు పొరలు పరిచి, అంచు నుంచి లోపలికి చుట్టూ చుట్టూ కుట్టుకుంటూ పోతోంది. కుట్టు వరసలు నడుమకు వచ్చేసరికి బొంత మీద చిన్న చిన్న అలల్లాంటి ముడతలు తేలతాయి. మిషన్ మీద కుట్టిన బొంతకు ఆ ముడత రాదు, గుడ్డ బల్లలా బిర్రుగా ఉంటుంది. చేతి బొంత మెత్తదనమంతా ఆ ముడతలోనే ఉంది.

"ఎంతకిస్తావవ్వా?" అని మాలో ఒకరు ఆగలేక అడిగారు.

"అమ్మేదానికి కుట్లేదు తల్లీ. మనవరాలు కాన్పుకొస్తాది."

కొంచెం సేపయ్యాక ఆమే అంది, చీరలు తెచ్చిస్తే కుట్టి పెడతానని. కూలి మూరల లెక్కన. మెత్తటి నూలు చీరలే తేవాలట, పాలిస్టర్ కలిసినవి సూదికి జారిపోతాయి, పొరలు కదులుతాయి. మేము మర్నాడే మూడు చీరలు పంపాం. కూలి ఆమె అడిగినంతే ఇస్తామన్నాం. అరచేతి వెడల్పు కుట్టడానికి ఎంతసేపు పడుతుందో పక్కన కూర్చుని చూసినవాళ్ళకు బేరం ఆడాలనిపించదు.

గనుల ఊళ్ళో ఇంకొకటి కొనండి, గులాబీ పువ్వుల అచ్చు. క్రిస్మస్ ఇక్కడ ఎంత ఘనంగా జరిగేదో, ఆంగ్లో ఇండియన్ ఇళ్ళ నుంచి రోజ్ కుక్కీలు, కుల్‌కుల్‌లు పళ్ళేల్లో ఎలా వచ్చేవో మా పెద్దవాళ్ళు ఇప్పటికీ చెబుతారు. వాళ్ళ రోజ్ కుక్కీకీ మన గులాబీ పువ్వుకీ అచ్చు ఒకటే. మనం గుడ్డు వెయ్యం, అంతే తేడా. రాబర్ట్‌సన్‌పేట మార్కెట్లో పాత్రల దుకాణాల్లో అడిగితే పొడుగు కాడ ఉన్న ఇనుప అచ్చు దొరికింది. కొత్త అచ్చును నేరుగా వాడితే పిండి అంటుకుపోతుంది. రెండు మూడు రోజులు నూనె రాసి వేడి చేస్తూ దాన్ని మరిగించాలి. వేసే ప్రతిసారీ అచ్చు నూనెలో బాగా కాగాలి, పిండిలో ముప్పాతిక వంతే మునగాలి. పైదాకా మునిగితే పువ్వు ఇక ఊడిరాదు.

పితికిపప్పు కాలం

తిండి గురించి మొదలుపెట్టాక ఇది చెప్పకపోతే సంక్రాంతి ప్రయాణం అనిపించుకోదు. డిసెంబరు, జనవరిల్లో కోలారు సంతలన్నీ అనపకాయలే. కన్నడంలో అవరెకాయ. కాయ మీద జిడ్డుగా, ఘాటుగా ఒక వాసన ఉంటుంది, దాన్ని ఇక్కడివాళ్ళు సొగడు అంటారు. మంచు పడే రోజుల్లోనే ఆ సొగడు బాగుంటుంది. కొనేవాళ్ళు ముందు గుప్పెడు కాయలు ముక్కు దగ్గర పెట్టుకుని చూస్తారు, ఆ తర్వాతే ధర అడుగుతారు.

గింజలు ఒలిచి, నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున ఒక్కొక్క గింజనూ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కితే తోలు చేతిలో ఉండిపోయి పప్పు టపీమని గిన్నెలో పడుతుంది. అదే పితికిపప్పు. కొబ్బరి, ధనియాలు, వెల్లుల్లి మసాలాతో ఉడికించి రాగి ముద్దతోనో దోసతోనో తినాలి. ఈ పనికి మిషన్ అక్కర్లేదు, మనుషులు కావాలి. నలుగురు చుట్టూ కూర్చుంటే కిలో గింజలు కబుర్లలోనే అయిపోతాయి. ఒక్కరే కూర్చుంటే నడుము పడిపోతుంది. పితికిన పప్పు ఇప్పుడు సంతలో పొట్లాల్లో అమ్ముతున్నారు. ఒలవని కాయల కంటే చాలా ప్రియం అని గొణిగేవాళ్ళకు ఒక కిలో ఇచ్చి పితకమనాలి, అంతే!

కోలారు ఊళ్ళో: పట్టుగూడు, వెదురు, కంబళి

కోలారులో సోమేశ్వర గుడి, కోలారమ్మ గుడి, అంతరగంగ కొండ మామూలుగా చూసేవే. మేము వాటి మీద ఎక్కువసేపు గడపలేదు. పట్టు మీద గడిపాం.

ఈ జిల్లాలో మల్బరీ తోట లేని పల్లె తక్కువ. పురుగు గుడ్డు పగిలింది మొదలు గూడు కట్టే దాకా సుమారు నాలుగు వారాలు. పండిన పురుగులను వెదురు చంద్రికల మీద వేస్తే రెండు మూడు రోజుల్లో గూడు అల్లుకుంటాయి. చంద్రిక అంటే పెద్ద వెదురు చాప మీద సన్న వెదురు బద్దను సుడిలా తిప్పుతూ నిలబెట్టి కట్టిన చట్రం. మేదరుల పని. పురుగుకు ఆ సందు సరిగ్గా సరిపోవాలి. సందు వెడల్పైతే దారం వృథా, ఇరుకైతే రెండు పురుగులు కలిసి ఒకే గూడు కడతాయి, దాని దారం చిక్కుపడి ముడులుగా వస్తుంది. అల్లిక తెలిసిన మాలాంటివాళ్ళకు చంద్రిక ముందు నిలబడితే కాళ్ళు కదలవు. ఇప్పుడు ప్లాస్టిక్ చంద్రికలు వచ్చేశాయి. కడగడం సులువు, రోగాలు తక్కువ, రైతు వాటివైపు పోవడం న్యాయమే. మేదరుల ఇళ్ళకు మాత్రం ఆ మేరకు పని తగ్గింది. అందుకని మేము గోడకు వేలాడదీసుకోవడానికి చిన్న సైజు చంద్రికలు చెప్పి చేయించుకున్నాం. చేటలు, గంపలు, జల్లెడలూ వాళ్ళ దగ్గరే తీసుకున్నాం. చేటను కన్నడంలో మొర అంటారు. రెండు పేర్లూ చెప్పి అడిగితే బేరం సాఫీగా సాగుతుంది.

పురుగుల షెడ్డులోకి తొంగిచూడాలని పట్టుబట్టకండి. బయటివాళ్ళ కాళ్ళతో, చేతులతో రోగం లోపలికి వస్తే పంట మొత్తం పోతుంది. మమ్మల్ని వాకిట్లోనే ఆపేశారు, అదే సరైన పద్ధతి. గూళ్ళు కావాలంటే చిల్లు పడినవి, దారం తీయడానికి పనికిరానివి అడగండి. వాటిని కత్తిరించి పువ్వులు, దండలు, తోరణాలు చేసుకోవచ్చు. మరీ మందంగా ఉన్నవాటిని గోరువెచ్చని నీళ్ళలో తడిపితే రేకులు వంచడం తేలిక. రంగు కూడా బాగా పడుతుంది.

ఇక కంబళి. 1911 నాటి బ్రిటానికా విజ్ఞానసర్వస్వంలో కోలారు ఊరి గురించి రాస్తూ రెండు పరిశ్రమలు చెప్పారు. ఒకటి కంబళ్ళ నేత, రెండోది ఎగుమతికి సీమకోళ్ళ పెంపకం. సీమకోళ్ళు ఏమయ్యాయో గానీ, కంబళి ఇంకా మన ఇళ్ళలో ఉంది. పూజలోనూ పెళ్ళిలోనూ కంబళి మడిచి పీటగా వేయడం చాలా కుటుంబాల్లో ఆచారం.

కంబళి ధర ఎందుకంత అంటే లెక్క చూడండి. మన దక్కను గొర్రె ఏడాదికి ఇచ్చే ఉన్ని అర కిలో, అటూ ఇటూ. రెండు కిలోల పైన తూగే కంబళికి నాలుగైదు గొర్రెల ఏడాది ఉన్ని కావాలి. దాన్ని కత్తిరించి, కడిగి, ఏకి, వడకాలి. పడుగుకు చింతగింజల గంజి పట్టించి, వీధిలో పొడుగ్గా చాచి కుంచెతో దువ్వాలి. ఆ తర్వాతే గుంట మగ్గం మీద నేత. మగ్గం వెడల్పు తక్కువ కాబట్టి రెండు పట్టీలు నేసి నడుమ చేత్తో కలుపుతారు. నలుపు రంగు కూడా గొర్రెదే, అద్దింది కాదు.

సంతల్లో కంబళి పేరుతో ఎక్కువగా కనిపించేది పానిపట్టు నుంచి వచ్చే దుప్పటి. పాత ఉన్ని బట్టలు చింపి, మళ్ళీ నూలు తీసి, మిషన్ మీద నేసినది. చలికి పనికొస్తుంది, చవక కూడా. కానీ దాన్ని కోలారు కంబళి అని అమ్మడం అన్యాయం. ఒక దుకాణంలో మాకు అలాగే చూపించారు. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల వెలిగించాం. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కృత్రిమ నూలైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. మాకు పూస వచ్చింది. దుకాణదారు ఏమీ అనలేదు, దుప్పటి మడిచి లోపల పెట్టుకున్నాడు. చేతి కంబళికి నడుమ అతుకు కుట్టు ఉందా, తడిపితే గొర్రె వాసన వస్తోందా చూడండి. కొత్తది కొంచెం గుచ్చుకుంటుంది, వాడేకొద్దీ మెత్తబడుతుంది.

ముళబాగిలు, ఆ పైన

మూడల బాగిలు, అంటే తూర్పు వాకిలి, కాలక్రమాన ముళబాగిలు అయింది. తిరుపతి పోయే దారిలో మన ఇళ్ళవాళ్ళు తరతరాలుగా ఆగే ఊరు. దోస గురించి ఒక్క మాట. అడుగు ఎర్రగా కరకరమంటూ, పైన దళసరిగా మెత్తగా ఉంటుంది. ఎర్ర కారం చట్నీ, ఆలుగడ్డ పల్యం, నెయ్యి. సన్నగా కాగితంలా కావాలని అడిగేవాళ్ళు వేరే ఊరు చూసుకోవాలి.

ఊరి దగ్గరే కురుడుమలె. సుమారు 13 అడుగుల వినాయకుణ్ణి చూడటానికి అందరూ వస్తారు. చేతిపని చూడాలనుకునేవాళ్ళు ఆగవలసింది పక్కనున్న సోమేశ్వర గుడిలో. ఆ గుడిని సగం జక్కణాచారి, సగం ఆయన కొడుకు చెక్కారని ఊళ్ళో చెబుతారు. కథ నిజమో కాదో అలా ఉంచండి. గుడి చుట్టూ తిరుగుతూ ఒక పక్క పనికీ మరో పక్క పనికీ తేడా పట్టుకోవడానికి ప్రయత్నించండి. శివారపట్నం షెడ్డుల్లో అరరోజు గడిపి వచ్చిన మాకు గంట ఎలా పోయిందో తెలియలేదు.

అక్కడి నుంచి నంగలి దాటితే ఆంధ్ర. హద్దు దాటింది ఈ ఒక్కసారే, పలమనేరు మట్టిపని కోసం. కూర వండుకునే చట్టి, నీళ్ళ కుండ, దీపాలు, వాకిట్లో పెట్టే మట్టి గుర్రాలు. కుండను వేలితో కొట్టి వినాలి, రాతిని విన్నట్టే. ఖంగుమంటే బాగా కాలింది. డబడబమంటే సన్న బీట ఉన్నట్టు, లేదా కాల్పు చాలనట్టు. కారులో తెచ్చుకునేటప్పుడు ఒకదానిలో ఒకటి దూర్చకుండా నడుమ వరిగడ్డి పెట్టించుకోండి, కుమ్మరులే సర్ది ఇస్తారు. వంట చట్టిని ఇంటికి రాగానే పొయ్యి మీద పెట్టకూడదు. ఒక రోజంతా నీళ్ళలో నానబెట్టి, ఆరాక అందులో బియ్యం గంజి సన్న సెగన మరిగించి పారబోయాలి. అప్పుడు చెమ్మ కారదు. మొదటి వంటగా పులుపు లేనిది వండండి. మేము పితికిపప్పు వండాం.